దేశభాషల ముంగిట: స్పానిష్ వారి తొలి పలకరింపు

కొత్త మనిషి ఎదురైనప్పుడు మన నోట మొదట వెలువడే నాలుగు మాటలలోనే మన పెంపకమూ, ఎదుటివారిపట్ల మన అంచనా రెండూ బయటపడిపోతాయి. ఆ తరువాత ఎంత ఇంపుగా మాట్లాడినా ఆ మొదటి ముద్ర చెరగడం కష్టం. నోరు మంచిదైతే ఊరు మంచిదని మన పెద్దలు ఊరకే అనలేదు. పరాయి భాష నేర్చుకునేవారు వ్యాకరణానికి జడుస్తారు గాని, నిజానికి జడవవలసినది ఈ తొలి పలకరింపుకే. క్రియారూపం తప్పితే వినేవారు నవ్వి ఊరుకుంటారు. మర్యాద తప్పితే నవ్వరు.

ఈ నెల మనం స్పానిష్ భాష ముంగిట నిలబడుతున్నాము. ఇది సుమారు 50 కోట్ల మందికి మాతృభాష. స్పెయిన్ మొదలుకొని మెక్సికో, అర్జెంటీనా, చిలీల మీదుగా ఆఫ్రికాలోని ఈక్వటోరియల్ గినీ వరకు 20 స్వతంత్ర దేశాలలో రాజ్యవ్యవహారాలు ఈ భాషలో నడుస్తున్నవి. ఐక్యరాజ్యసమితి గుర్తించిన ఆరు అధికార భాషలలో ఇది ఒకటి. మనకు దూరపు భాషే అయినా, అనంతపురం జిల్లా వారికి మాత్రం అంత దూరం కాదు. 1920లో బార్సిలోనాలో జన్మించిన విసెంతె ఫెర్రర్ 1969లో అనంతపురం చేరి, 2009లో అక్కడే కన్నుమూసేవరకు ఆ కరవు సీమ పల్లెలకోసం పాటుపడ్డారు. ఆ పిల్లల చదువులకు ఆసరాగా నిలిచిన స్పెయిన్ కుటుంబాలవారు వారిని కళ్ళారా చూడడానికి వస్తూ ఉంటారు.

చాలా ఏళ్ళ క్రితం అటువంటి అతిథి ఒకరి వెంట ఆ జిల్లాలోని ఒక మెట్ట గ్రామానికి వెళ్ళే సందర్భం నాకు కలిగింది. రావలసిన దుబాసీకి జ్వరం తగిలింది. ఆరు నెలలపాటు క్యాసెట్లు పెట్టుకుని స్పానిష్ వల్లెవేసిన ఘనత నాకు ఉండడంచేత, తెలిసిన మిత్రుడు నన్ను ఎక్కించి పంపాడు. అతిథి డెబ్బయ్యేళ్ళు దాటిన పెద్దమ్మ. ఆమె చేయి చాపి తన పేరు చెప్పగానే నేను ఎంతో ధీమాగా, "ఎంకాంతాదా" అన్నాను. ఆమె పెదవులు బిగబట్టుకున్నారు గాని కళ్ళు నవ్వుతూనే ఉన్నవి.

తప్పు ఏమిటో తరువాత తెలిసింది. "మిమ్మల్ని కలిసి మురిసిపోయాను" అనే అర్థంలో పురుషుడు "ఎంకాంతాదో" అనాలి, స్త్రీ "ఎంకాంతాదా" అనాలి. నా క్యాసెట్టులో పాఠం చెప్పినది ఒక స్త్రీ కంఠం. నేను ఆమెను అక్షరం తప్పకుండా అనుకరించాను!

ఇది నవ్వుకుని మరచిపోదగిన పొరపాటు. ఆ రోజు నేను చేసిన రెండవ పొరపాటు అటువంటిది కాదు. దాని సంగతి చివర చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు ఒక చిన్న మాట కథ తెలియాలి.

"ఏలినవారు" నుంచి "మీరు" వరకు

తెలుగులో మనకు "నువ్వు", "మీరు" ఉన్నట్లే స్పానిష్‌లో "తూ", "ఉస్తెద్" అని రెండు మాటలు ఉన్నవి. "తూ" అనేది హిందీ "తూ"కు, సంస్కృత "త్వమ్"కు దాయాదియే. ఇవన్నీ ఒకే మూలభాష నుంచి చీలి వచ్చినవి. చనువు ఉన్నవారిని, పిల్లలను, స్నేహితులను "తూ" అంటారు. కొత్తవారిని, పెద్దలను, పదవిలో ఉన్నవారిని "ఉస్తెద్" అంటారు.

"ఉస్తెద్" అనగానే మనకు "ఉస్తాద్" గుర్తుకు వస్తాడు. స్పెయిన్‌లో అరబ్బుల పాలన శతాబ్దాలపాటు సాగినది కనుక రెండింటికీ చుట్టరికం కలిపినవారు లేకపోలేదు. కాని భాషావేత్తలు ఆమోదించిన వ్యుత్పత్తి వేరు. "వ్వెస్త్రా మెర్సెద్", అంటే "తమ అనుగ్రహం", అనే రెండు మాటలు జనం నోట అరిగి అరిగి 17వ శతాబ్దినాటికి "ఉస్తెద్"గా కుదించుకుపోయినవి. అందువల్లనే ఈ మాటకు ప్రథమ పురుష క్రియ చేరుతుంది. ఎదుట ఉన్న మనిషితోనే మాట్లాడుతూ, "తమ అనుగ్రహం ఎలా ఉన్నది?" అని మూడవ వ్యక్తిని గురించి అడిగినట్లు అడుగుతారన్నమాట.

ఇది మనకు వింత కానక్కరలేదు. "ఏలినవారు సెలవిస్తే చేస్తాము", "అయ్యగారు ఎప్పుడు వచ్చారు?" అని ఎదుటివారినే ప్రథమ పురుషలో పలకరించడం మన పాత మర్యాదలోనూ ఉన్నది. నేరుగా వేలెత్తి చూపినట్లు "నువ్వు" అనడానికి బదులు, చూపు ఒక అడుగు పక్కకు మళ్ళించి మాట్లాడడమే గౌరవమని రెండు జాతులవారికీ తోచినది.

ఈ కథలో మరొక ముచ్చట ఉన్నది. "ఉస్తెద్" పుట్టకముందు గౌరవ వాచకంగా "వోస్" అనే మాట ఉండేది. అందరూ అందరినీ "వోస్" అనడం మొదలుపెట్టేసరికి దాని బరువు తగ్గిపోయినది. గౌరవానికి కొత్త మాట కావలసివచ్చి "తమ అనుగ్రహం" రంగంలోకి దిగినది. స్పెయిన్‌లో "వోస్" క్రమంగా కనుమరుగు కాగా, అర్జెంటీనా, ఉరుగ్వే, మధ్య అమెరికా దేశాలలో అది మిగిలి, నేడు స్నేహితులు వాడుకునే చనువు మాట అయినది. ఒకనాటి పట్టుపంచె ఇంట్లో కట్టుకునే పాతబట్ట అయినట్లు! నాణేల వలెనే మర్యాద మాటలు కూడా చేతులు మారినకొద్దీ అరుగుతాయి.

విశేషమేమంటే, దేవుని ముందు ఈ లెక్కలేవీ పనికిరావు. మనం భగవంతుని "నీవే దిక్కు" అంటాము గాని "మీరే దిక్కు" అనము. స్పానిష్ వారు కూడా ప్రార్థనలో "తూ" అనే అంటారు.

నోరు తిప్పుకోవడం

ఉచ్చారణ విషయంలో తెలుగువారు అదృష్టవంతులు. స్పానిష్ త, ద ధ్వనులు ఇంగ్లీషు ట, డల వంటివి కావు. అచ్చంగా మన త, ద వలె నాలుక పళ్ళకు తగిలి పలుకుతాయి. ప, త, కలను ఒత్తకుండా, గాలి విడవకుండా పలకాలి. ఇంగ్లీషువారికి ఎంతో సాధన కావలసిన ఈ సంగతి మనకు ఉగ్గుపాలతో వచ్చినదే. "హెచ్" అక్షరం రాతలో ఉంటుంది, నోట పలకదు. అందుకే అందరికీ తెలిసిన పలకరింపు "ఓలా", "హోలా" కాదు. రకారాలు రెండు: ఒకటి తేలికది, రెండవది మన పాత బండి ఱ వలె అదిరిపడేది. "పెరో" అంటే "కాని" అని అర్థం. "పెఱ్ఱో" అంటే కుక్క. ఈ తేడా మరచిపోకుండా ఉండడం మంచిది.

రాతలో మరొక తమాషా కనిపిస్తుంది. ప్రశ్న అడిగేటప్పుడు వాక్యం చివరనే కాక మొదట్లో కూడా తలక్రిందుల ప్రశ్నార్థకం పెడతారు. స్పెయిన్ రాజభాషా పరిషత్తు 1754లో ఈ పద్ధతిని నిర్దేశించినది. చదివేవాడు ముందుగానే స్వరం సవరించుకోవడానికి ఇది ఉపయోగం.

పలకరింపు మెట్లు

తొలి పరిచయాన్ని నాలుగు మెట్లుగా భావించవచ్చు.

మొదటి మెట్టు వేళను బట్టి పలకరించడం. ఉదయం "బ్వేనోస్ దియాస్", మధ్యాహ్నం నుంచి "బ్వేనాస్ తార్దెస్", చీకటి పడ్డాక "బ్వేనాస్ నోచెస్". వీటికి వరుసగా మంచి రోజులు, మంచి సాయంత్రాలు, మంచి రాత్రులు అని అర్థం. మూడూ బహువచనాలే. ఇక్కడ రెండు జాగ్రత్తలు అవసరం. ఇంగ్లీషులో "గుడ్ నైట్" సెలవు పుచ్చుకునేటప్పుడే వాడతారు. "బ్వేనాస్ నోచెస్" మాత్రం వచ్చేటప్పుడూ, పోయేటప్పుడూ చెల్లుతుంది. ఇక స్పెయిన్‌లో చాలామందికి గడియారం పన్నెండు కొట్టగానే మధ్యాహ్నం కాదు, భోజనం అయ్యాకనే అవుతుంది. ఆ భోజనం రెండు గంటలకు గాని జరగదు. కాబట్టి ఒంటిగంటకు ఎవరైనా "బ్వేనోస్ దియాస్" అంటే వారి గడియారం ఆగిపోయినదని అనుకోకండి.

రెండవ మెట్టు పేర్లు చెప్పుకోవడం. "కోమో సె యామా ఉస్తెద్?" అంటే "తమ పేరేమిటి?" అని. "మె యామో" అని తరువాత మన పేరు చెప్పాలి. పరిచయం చేసేవారు ఎవరూ లేకపోతే, "పెర్మీతామె ప్రెసెంతార్మె", అంటే "నన్ను నేను పరిచయం చేసుకోవడానికి అనుమతించండి", అని మొదలుపెట్టడం నిండైన పద్ధతి. మరొకరిని పరిచయం చేసేటప్పుడు "లె ప్రెసెంతో ఆ" అని వారి పేరు చేర్చాలి.

మూడవ మెట్టు సంతోషం తెలపడం. స్త్రీపురుష భేదం లేకుండా ఎవరైనా ఎక్కడైనా నిర్భయంగా వాడదగినది "ముచో గుస్తో". దీనికి "ఎల్ గుస్తో ఎస్ మీఓ", అంటే "ఆ సంతోషం నాది", అని గాని, "ఇగ్వాల్మెంతె", అంటే "నాకూ అంతే", అని గాని బదులు చెబుతారు. "గుస్తో" అనే మాటకు మూలం లాటిన్‌లో "రుచి". స్పానిష్‌లో నేటికీ రుచి, ఇష్టం, సంతోషం మూడూ ఆ ఒక్క మాటలోనే ఇమిడి ఉన్నవి. మన తెలుగు అవ్వ కొత్తవారిని "అన్నం తిన్నారా?" అని పలకరిస్తే, స్పానిష్ అవ్వ "ఎంతో రుచి" అంటున్నదన్నమాట!

నాలుగవ మెట్టు కుశలప్రశ్న. "కోమో ఎస్తా ఉస్తెద్?" అంటే "తమరు ఎలా ఉన్నారు?" అని. "మ్వీ బ్యెన్, గ్రాసియాస్. ఇ ఉస్తెద్?" అంటే "చాలా బాగున్నాను, కృతజ్ఞతలు. మరి తమరు?" అని జవాబు. ఈ "మరి తమరు?" మరచిపోతే మాట సగంలో తెగినట్లే. ఫిలిప్పీన్ దీవులలో స్పెయిన్ పాలన 1898లో ముగిసిపోయినది. కాని "కోమో ఎస్తా" అనే ప్రశ్న మాత్రం "కుముస్తా"గా మారి, టాగలాగ్ మాట్లాడేవారికి నేటికీ నిత్యపు పలకరింపుగా మిగిలినది. కోటలు పోయినా కుశలప్రశ్న నిలిచింది.

సెలవు తీసుకునేటప్పుడు "ఆస్తా ల్వేగో", అంటే "మళ్ళీ కలిసేవరకు", అనడం సాధారణం. "ఆదియోస్" అంటే దేవునికి అప్పగిస్తున్నామని మూలార్థం. మళ్ళీ కలవాలని నిజంగా కోరుకునేటప్పుడు "ఓహలా" అనే మాట చేర్చుతారు. ఇది "దైవం తలిస్తే" అనే అరబ్బీ మాటకు స్పానిష్ రూపం. మన "ఇన్షా అల్లా"కు దగ్గరి బంధువు.

పేరును ఎక్కడ పట్టుకోవాలి?

మనకు ఇంటిపేరు ముందు వస్తుంది, వారికి వెనుక వస్తుంది. అది ఒకటి కాదు, రెండు. వాడుకలో మొదటిది తండ్రివైపుది, రెండవది తల్లివైపుది. 1982లో నోబెల్ బహుమతి పొందిన కొలంబియా రచయిత గాబ్రియెల్ గార్సియా మార్కెస్ పేరులో గార్సియా తండ్రిది, మార్కెస్ తల్లిది. కనుక ఆయనను "మార్కెస్" అని మాత్రమే అనడం సరికాదు. చిత్రకారుడు పికాసో తండ్రి ఇంటిపేరు రూయిస్. లోకం ఎరిగిన "పికాసో" అనేది తల్లి ఇచ్చిన పేరు. ఈ వరుసను తల్లిదండ్రులే నిర్ణయించుకోవచ్చునని స్పెయిన్‌లో 1999లో చట్టం వచ్చినది. వివాహమైన స్త్రీలు అక్కడ ఇంటిపేరు మార్చుకోరు.

"సెన్యోర్", "సెన్యోరా" అనే గౌరవ పదాలను ఇంటిపేరుకు ముందు చేర్చాలి. "దోన్", "దోన్యా" మాత్రం సొంతపేరుకు ముందు వస్తాయి. ఇవి లాటిన్‌లో ప్రభువు, ప్రభ్విణి అనే అర్థమిచ్చే మాటల నుంచి పుట్టినవి. పేరు పెట్టి పిలుస్తూనే గౌరవం నిలిపే విషయంలో "దోన్" మన "గారు"కు సాటి. మనది పేరు వెనుక నడుస్తుంది, వారిది పేరు ముందు నడుస్తుంది, అంతే తేడా.

దేశానికొక తీరు

ఒకే భాష అయినా అన్నిచోట్లా ఒకే మర్యాద చెల్లదు. స్పెయిన్‌లో 20వ శతాబ్ది ఉత్తరార్ధం నుంచి "తూ" బాగా విస్తరించినది. అంగళ్ళలోనూ, కార్యాలయాలలోనూ సమవయస్కులు వెంటనే చనువులోకి దిగుతారు. కొలంబియా రాజధాని బొగొతాలో ఇందుకు విరుద్ధంగా మిత్రులు, అన్నదమ్ములు కూడా ఒకరినొకరు "ఉస్తెద్" అనుకోవడం వినవచ్చు. ఆ చుట్టుపక్కల కొండ ప్రాంతాలలో "సుమెర్సె" అనే మాట కూడా బతికి ఉన్నది. పాత "తమ అనుగ్రహం"లోని అనుగ్రహమే అది. కాని అక్కడ అది ఆప్యాయతకు గుర్తు.

మెక్సికోవారి మర్యాద మరింత విస్తారమైనది. పేరు చెప్పి, "పారా సెర్వీర్లె", అంటే "తమ సేవకు", అని చేర్చడం అక్కడి పాత సంప్రదాయం. మాట వినబడకపోతే "ఏమిటి?" అనక "మాందె", అంటే "ఆజ్ఞాపించండి", అంటారు. ఇందులో బానిస వాసన ఉన్నదని ఆక్షేపించేవారు ఉన్నారు, ఇది వట్టి మర్యాదేనని సమర్థించేవారూ ఉన్నారు. మెక్సికోవారు తమ ఇంటి గుర్తులు చెబుతూ "అది తమ ఇల్లే" అంటారు. కొత్తవాడు తెల్లబోయి, "నా ఇల్లు అక్కడ లేదే!" అనకూడదు. "ఇది మీ ఇల్లే అనుకోండి" అనే మనకు ఆ మాట చప్పున అర్థం కావాలి.

ఇన్ని తేడాల మధ్య బాటసారికి ఒకే ఒక సూత్రం చాలు: "ఉస్తెద్"తో మొదలుపెట్టండి. "నన్ను తూ అనవచ్చు" అని ఎదుటివారు చెప్పేవరకు ఆగండి. ఆ చనువు ఇవ్వవలసినది వయసులోగాని, హోదాలోగాని పెద్దవారు. "తూ" అని పిలవడానికి స్పానిష్‌లో "తుతెయార్" అని ఒక క్రియాపదమే ఉన్నది. మన "ఏకవచన ప్రయోగం"తో సరిపోల్చదగినది. "మీరు" నుంచి "నువ్వు"కు దిగడం తేలిక. అందరిముందూ "నువ్వు" అని, ఆపైన "మీరు"కు ఎక్కడం మహా కష్టం.

నా రెండవ పొరపాటు

ఇక ఆ పల్లెకు తిరిగి వెళ్దాము. మేము చేరేసరికి ఆ పిల్ల బడినుంచి రాలేదు. గడపలో ఆమె అవ్వ వేరుసెనగకాయలు ఒలుస్తూ కూర్చుని ఉన్నది. స్పెయిన్ పెద్దమ్మ నడుం వంచి, రెండు చేతులా ఆ అవ్వ చేతిని పట్టుకుని, నిదానంగా అన్నారు: "బ్వేనాస్ తార్దెస్, సెన్యోరా. ముచో గుస్తో ఎన్ కోనొసెర్లా. కోమో సె యామా ఉస్తెద్?"

అమ్మా, శుభ సాయంత్రం. తమను ఎరుగడం నాకు ఎంతో సంతోషం. తమ పేరేమిటి? ఆమె అన్నది ఇదీ.

నేను అవ్వవైపు తిరిగి, "నీ పేరేమి?" అన్నాను.

అవ్వ నన్ను ఒక్క క్షణం ఎగాదిగా చూసింది. "ఆయమ్మ అంత సేపు మాట్లాడితే నువ్వు రెండు మాటలేనా చెప్పేది, నాయనా?" అన్నది.

ఆ మాట నాకు సూటిగా తగిలింది. రాయలసీమ పల్లెలలో "ఏమవ్వా, బాగున్నావా?" అంటే అందులో అగౌరవం లేదు. వరుస పెట్టి పిలిచాక ఏకవచనం ప్రేమే అవుతుంది. నేను వరుసా పెట్టలేదు, బహువచనమూ పెట్టలేదు. కచేరీలో గుమాస్తా దరఖాస్తు నింపుతూ అడిగినట్లు అడిగాను. వేల మైళ్ళ దూరం నుంచి వచ్చి, ఆ ఇంటికి సాయం చేస్తున్న మనిషి ఆ అవ్వను "తమరు" అన్నది. ఆమె భాష, మన భాష రెండూ తెలిసిన నేను, మధ్యలో నిలబడి, ఆ "తమరు"ను కాజేశాను. సొమ్ము చేర్చవలసిన టపా బంట్రోతు దారిలో సగం దిగమింగినట్లు అయినది. స్పానిష్ రాకపోవడంవల్ల జరిగిన తప్పు కాదది. తెలుగులో ఎవరికి "మీరు" అనాలో, ఎవరికి అనకపోయినా ఫరవాలేదో నాలో ముందే స్థిరపడి ఉండడంవల్ల జరిగినది.

"అవ్వా, తప్పయింది" అని, మళ్ళీ మొదటినుంచి చెప్పాను. "మిమ్మల్ని చూడడం ఆయమ్మకు శానా సంతోషమంట. మీ పేరు చెప్తారా అని అడుగుతాండాది" అన్నాను. అవ్వ ముఖం విచ్చుకున్నది. తన పేరు ఒక్కటే కాక, తండ్రి పేరు, పుట్టింటి ఊరు కూడా చెప్పింది. తండ్రివైపు పేరునూ, తల్లివైపు పేరునూ మోసే దేశంనుంచి వచ్చిన ఆ పెద్దమ్మ వాటన్నిటినీ శ్రద్ధగా ఒకసారి పలికి చూసుకున్నారు. అటుపైన అవ్వ అడిగింది: "అన్నం తినిందా ఆయమ్మ?"

ఈసారి నేను ఒక్క మాట కూడా మింగలేదు. "తమరు భోజనం చేశారా అని ఈమె అడుగుతున్నారు. మా దేశంలో ఇది స్వాగతం చెప్పే తీరు" అని స్పానిష్‌లో వివరంగా చెప్పాను. పెద్దమ్మ తల ఊపి, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్లు, "ముచో గుస్తో" అన్నారు. అవ్వ అర్థమేమని అడగలేదు. లోపలికి వెళ్ళి పీట తెచ్చి వేసింది.

పై మాటలన్నీ కంఠస్థం చేయనక్కరలేదు. "ఉస్తెద్" ఒక్కటి గుర్తుంచుకుంటే చాలు. దానిని పలికేటప్పుడు మాత్రం, మన భాషలో ఆ మాటను ఎవరెవరికి ఇవ్వకుండా దాచుకున్నామో ఒక్కసారి తలచుకోవడం మంచిది.